కోచ్ దగ్గరికి ఎప్పుడెళ్లాలి, డాక్టర్ దగ్గరికి ఎప్పుడెళ్లాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్ పదిహేనేళ్ల నుంచి మా ఇంటికి వస్తోందండి, కానీ ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదటిసారి. రాయడానికి కారణం ఈమధ్య ఎక్కడ చూసినా కనిపిస్తున్న ఆ ప్రకటనలే. లైఫ్ కోచ్, కెరీర్ కోచ్, మైండ్‌సెట్ కోచ్, రిలేషన్‌షిప్ కోచ్ అని పేపర్లో వేస్తున్నారు, గోడల మీద అంటిస్తున్నారు, ఫోన్ తీస్తే రీల్స్‌లో అవే. చదివేవాళ్లలో నూటికి తొంభై మందికి వీళ్లు ఏం చేస్తారో తెలీదు, నాకూ మూడేళ్ల కిందటి దాకా తెలీదు. తెలీకపోవడం వల్ల మా ఇంట్లో ఒక మనిషికి ఎనిమిది నెలలు వృధా అయిపోయాయి, అందుకే ఇదంతా రాస్తున్నాను, కొంచెం పెద్దదైతే క్షమించండి.

మన వైజాగ్‌లో కోచింగ్ అంటే ముందు ఎవరికైనా గుర్తొచ్చేది ద్వారకానగర్ కదండీ. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగి అటు నడిస్తే బ్యాంకులు, గ్రూప్స్, ఎస్సై, నీట్, ఐఐటీ అన్నీ బోర్డులే. అందుకే మా ఆఫీసు వాళ్లు నాకు కోచింగ్ పెట్టించారని ఇంట్లో చెప్తే మా అమ్మ "ఈ వయసులో నీకేం ఎగ్జామ్ ఉందే" అని అడిగింది. ఆవిడ తప్పేం లేదు, మన దగ్గర ఆ మాటకి అదే అర్థం. కేంద్ర ప్రభుత్వం 2024 నవంబర్‌లో కోచింగ్ ప్రకటనల మీద గైడ్‌లైన్స్ తెచ్చింది కదా, అందులో కూడా కోచింగ్ అంటే చదువు చెప్పడం, ట్యూషన్, గైడెన్స్ లాంటివి అనే రాశారు, కౌన్సెలింగ్‌ని, ఆటల్ని, డాన్సుని అందులోంచి తీసేశారు. అంటే ప్రభుత్వం కాగితాల్లో కూడా కోచింగ్ అంటే ద్వారకానగర్ కోచింగే అన్నమాట.

అసలు ఆ మాట వెనక కథ తెలిశాక నాకు చాలా విషయాలు అర్థమయ్యాయి. హంగేరీలో ఒక ఊరి పేరండి అది, అక్కడ మంచి గుర్రబ్బళ్లు చేసేవాళ్లట, ఆ ఊరి పేరే బండికి పేరైంది, మనం రైల్లో ఎస్ 4 కోచ్ అంటాం చూడండి, అదే మాట. 1830ల్లో ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు తమని పరీక్ష గట్టెక్కించే ట్యూటర్‌ని కోచ్ అని పిలవడం మొదలెట్టారు, తర్వాత ఆటల్లోకి వచ్చింది. 1970ల్లో తిమోతీ గాల్వే అనే టెన్నిస్ నేర్పే ఆయన ఒకటి గమనించాడు, పక్కన నిలబడి మోచెయ్యి ఇలా పెట్టు, కాలు అలా పెట్టు అని గొడవ చేస్తున్నంతసేపూ ఆడేవాడు బిగుసుకుపోతున్నాడు, అదే బంతిని బాగా చూడు, ఏం గమనించావో చెప్పు అంటే తనంతట తనే సర్దుకుంటున్నాడు. ఆ పద్ధతిని తర్వాత జాన్ విట్‌మోర్ లాంటివాళ్లు కంపెనీల్లోకి తెచ్చారు, ఆయన అంతకుముందు కార్ రేసులు నడిపినాయన. 1995లో అమెరికాలో అంతర్జాతీయ కోచింగ్ సమాఖ్య పెట్టారు, ఇప్పుడందరూ ఐసీఎఫ్ అంటున్నది దాన్నే. ఇక్కడే దారి చీలింది. ద్వారకానగర్‌లో సార్‌కి తెలిసింది మనకి చెప్తారు, ఈ రెండో కోచింగ్‌లో మనకి తెలిసిందే మనచేత బయటికి తీయిస్తారు. పేరు ఒకటే, పని పూర్తిగా వేరు.

నా సంగతి చెప్తాను. పోర్ట్ ఏరియాలో ఒక కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో పని చేస్తాను. దిగుమతి సరుకుకి బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే కస్టమ్స్‌కి సరుకు వివరాలిచ్చే పత్రం, వెయ్యాలి, దానికి ముందు చెక్‌లిస్ట్, అంటే దాని చిత్తు కాపీ, తీసి ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, బిల్ ఆఫ్ లేడింగ్ అన్నీ పక్కపక్కన పెట్టి సరిచూడాలి, సరుకు ఏ రకమో చెప్పే ఎనిమిది అంకెల టారిఫ్ నంబర్లో ఒక్క అంకె తేడా పడినా డ్యూటీ మారిపోతుంది, సవరణ అవుతుంది, ఈలోపు కంటైనర్ యార్డులో కూర్చుంటే రోజుకింత అని ఛార్జీలు. నన్ను డాక్యుమెంటేషన్ మేనేజర్‌ని చేశాక నా కింద పదకొండు మంది. కానీ ప్రతి చెక్‌లిస్టూ నేనే చూసేదాన్ని. సాయంత్రం ఆరింటికి మా టీమ్ పిల్లలు కాగితాలు పట్టుకుని నా టేబుల్ దగ్గర లైన్లో నిలబడేవాళ్లు, నేను ఇంటికి చేరేసరికి పది. వాళ్లు పని నేర్చుకోరు, నేను నిద్రపోను, ఇద్దరు మానేశారు కూడా.

మా యాజమాన్యం మంచివాళ్లండి, ఊరుకోలేదు. ముందు ఒక ట్రైనింగ్ పెట్టారు, బీచ్ రోడ్డులో హోటల్లో రెండు రోజులు, ఇరవై మందిమి, టీమ్‌కి పని ఎలా అప్పజెప్పాలి అని స్లైడ్లు చూపించారు. బాగా చెప్పారు, కాదనను, అక్కడ చెప్పినవన్నీ నాకు తెలుసు కూడా, సోమవారం మళ్లీ ఆఫీసుకొచ్చి అదే చేశాను. తర్వాత ఒక కన్సల్టెంట్ వచ్చారు, మూడు వారాలు కూర్చుని ఎవరు ఏం చేస్తున్నారో అంతా రాసుకుని రిపోర్ట్ ఇచ్చారు, ఈ సాఫ్ట్‌వేర్ పెట్టండి, ఈ పని ఈ టేబుల్‌కి మార్చండి అని. సమస్య ఏంటో ఆయనే చెప్పారు, పరిష్కారమూ ఆయనే చెప్పారు, దానికే ఆయనకి ఫీజు. సాఫ్ట్‌వేర్ పెట్టాం. నేను ఆ సాఫ్ట్‌వేర్లో కూడా అన్నీ నేనే చెక్ చేశాను. మా సీనియర్ సార్ ఒకాయన ఉన్నారు, ముప్ఫై ఏళ్ల సర్వీసు, ఆయన అప్పుడప్పుడు టీ తాగుతూ నా టైంలో నేనైతే ఇలా చేశానమ్మా, ఫలానా ఆఫీసర్ దగ్గర ఇలా మాట్లాడమ్మా అని చెప్పేవారు, ఆయన వల్ల నాకు ఎన్ని తలనొప్పులు తప్పాయో లెక్కలేదు. దాన్ని మెంటరింగ్ అంటారట. ఆ దారిలో ముందు నడిచినవాళ్లు వెనకొచ్చేవాళ్లకి చెయ్యి అందించడం.

ఈ మూడూ మంచివే, మూడూ కావాలి. కానీ మూడింటిలోనూ చెప్పేవాళ్లు వాళ్లు, వినేదాన్ని నేను.

వీటన్నిటి తర్వాత నాలుగోదిగా కోచ్‌ని పెట్టారు. ఆవిడ హైదరాబాద్‌లో ఉంటారు, వీడియో కాల్ మీద, పదిహేను రోజులకోసారి యాభై నిమిషాలు, మొత్తం ఆరు నెలలు. మొదటి రోజు మా బాస్, నేను, ఆవిడ ముగ్గురం కూర్చున్నాం. అక్కడే ఒక కాగితం రాసుకున్నాం, ఆరు నెలల తర్వాత ఏం మారితే ఇది పనికొచ్చినట్టు, ఏ విషయాలు బాస్‌కి చెప్పొచ్చు, ఏవి చెప్పకూడదు అని. సెషన్లో నేనేం మాట్లాడానో బాస్‌కి చెప్పను, హాజరయ్యారా లేదా అన్నది మాత్రమే చెప్తాను అని ఆవిడ ఆయన ముందే అన్నారు. డబ్బులిచ్చేది ఆయన, మాట గుప్తంగా ఉండేది నాకు, ఇది నాకు చాలా నచ్చింది. ఇంకోమాట కూడా అన్నారు, "కస్టమ్స్ గురించి నాకేమీ తెలీదండి". నాకైతే ఉసూరుమంది. ఏమీ తెలీని ఆవిడ నాకేం చెప్తుంది అనుకున్నాను. చెప్పడానికి రాలేదని నాలుగో సెషన్ దాకా అర్థం కాలేదు.

ఆ నాలుగో సెషన్ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. మా వాళ్లకి వదిలేస్తే తప్పులు చేస్తారండీ అని నేను మామూలుగా అనే మాటే అన్నాను. ఆవిడ "చివరిసారి ఎవరు, ఏ తప్పు చేశారు?" అని అడిగారు. నేను ఆలోచించాను. ఆలోచిస్తూనే ఉన్నాను. ఆవిడ ఒక్క మాట కూడా కలపలేదు, ఫోన్ కట్ అయిందేమో అని స్క్రీన్ చూశాను, కాలేదు, ఆవిడ అలా చూస్తూ కూర్చున్నారు. అప్పుడు నా నోట్లోంచి వచ్చింది, "ఆ తప్పు చేసింది నేనండి". 2014లో, నేను జూనియర్‌గా ఉన్నప్పుడు, వేరే ఆఫీసులో, ఒక టారిఫ్ నంబర్ తప్పు వేశాను, పార్టీకి నష్టం వచ్చింది, అప్పటి మేనేజర్ నన్ను హాలు మధ్యలో నిలబెట్టి అందరి ముందూ తిట్టారు. పదేళ్లు అది ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా. ఇప్పుడున్న పదకొండు మంది గురించి నేను భయపడటం లేదు, ఆ హాల్లో నిలబడ్డ నా గురించే భయపడుతున్నాను.

ఇక్కడ ఆవిడ చేసిన పని గమనించండి, అసలు ఈ ఉత్తరం అంతా దీని గురించే. ఆవిడ ఆ పాత గాయంలోకి దిగలేదు. ముందు నెమ్మదిగా రెండు మూడు మాటలు అడిగారు, అది గుర్తొచ్చినప్పుడు నిద్ర పట్టకుండా ఉంటోందా, పగలంతా అదే తిరుగుతోందా, తిండీ పనీ దెబ్బతింటున్నాయా అని. అలా ఏమైనా ఉంటే అది నేను చూసే విషయం కాదు, సైకాలజిస్ట్‌తో మాట్లాడితే మంచిది, కావాలంటే ఎలా వెతకాలో చెప్తాను అన్నారు. నాకు అంత లేదు, నిజంగానే లేదు. అప్పుడు అడిగారు, "మరి రేపు మీ టీమ్‌లో ఒకరు అలాంటి తప్పే చేస్తే, మీరు ఎలాంటి మేనేజర్‌గా ఉండాలనుకుంటున్నారు?" అని. అంతే. మిగతా ముప్ఫై నిమిషాలు నేనే మాట్లాడాను. ఇద్దరిద్దరు ఒకరి చెక్‌లిస్ట్ ఒకరు చూసుకోవాలి, కొత్త పార్టీ అయినా కొత్త సరుకు అయినా మాత్రమే నా టేబుల్‌కి రావాలి, తప్పు జరిగితే తలుపేసి మాట్లాడాలి, ఇవన్నీ నేను చెప్పినవే, ఆవిడ ఒక్కటీ చెప్పలేదు. ఎప్పటి నుంచి అని తేదీ అడిగారు, నాతోనే రాయించారు. మళ్లీ సెషన్‌లో మొదటి ప్రశ్న ఆ కాగితం గురించే.

ఇప్పుడు ఏడింటికల్లా సీతమ్మధారలో మా ఇంట్లో ఉంటున్నానండి. మా చిన్నది హోంవర్క్ నా పక్కన కూర్చునే చేసుకుంటోంది.

ఇంత మేలు జరిగింది కదా అని నేనే ఒక పొరపాటు చేశాను. మా తమ్ముడికి ఇరవై తొమ్మిది, రుషికొండ ఐటీ హిల్ మీద ఉద్యోగం, చలాకీ మనిషి. నిరుడు ఉన్నట్టుండి ఉద్యోగం మానేశాడు. గదిలోంచి బయటికి రాడు, తెల్లారి నాలుగింటి దాకా నిద్రపోడు, సాయంత్రమైతే స్నేహితులతో ఆర్కే బీచ్‌కి వెళ్లేవాడు అది మానేశాడు, షర్టులు వదులైపోయాయి. అమ్మ బద్ధకం అంది, నాన్న సెల్‌ఫోన్ అన్నారు, నేను కోచ్ అన్నాను. నాకు పనిచేసింది కదా వాడికీ పనిచేస్తుంది అనుకున్నాను. వాడికి ఎవరు దొరికారో నేను సరిగ్గా చూడలేదు, ఆన్‌లైన్ ప్రకటన చూసి ఒకాయన దగ్గర చేరాడు, మూడు నెలల ప్యాకేజీ 45 వేలు, ముందే కట్టాలి. పేరు రాయను, మీరు వేసుకోలేరని తెలుసు, నా ఉద్దేశం కూడా అది కాదు.

ఆయన వాడిని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా అయిందా, ఇంట్లో ఎవరికైనా ఉందా, ఏమీ లేదు. పొద్దున్నే అయిదింటికి లేవాలి, చన్నీళ్ల స్నానం, పది కృతజ్ఞతలు నోట్‌బుక్‌లో రాయాలి, అద్దం ముందు నిలబడి నేను విజేతని అని ఇరవై ఒక్కసార్లు అనాలి. వాడు చెయ్యలేకపోయాడు. మంచం మీంచి లేవడమే వాడికి కొండ ఎక్కినట్టు ఉంటే అయిదింటికి ఎక్కడ లేస్తాడండీ. చెయ్యలేదని గ్రూప్‌లో అందరి ముందూ నీకు కమిట్‌మెంట్ లేదు, నువ్వు మారాలనుకోవడం లేదు అని వాయిస్ మెసేజ్ పెట్టారు. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ నా దగ్గరుంది. మొదటి పేజీలో పది ఉన్నాయి, రెండో పేజీలో ఆరు, నాలుగో పేజీలో "అమ్మ" అని రాసి ఆపేశాడు, ఆ తర్వాత అన్నీ ఖాళీ. ప్యాకేజీ అయిపోతే మళ్లీ పొడిగించారు, అలా ఎనిమిది నెలలు.

ఒకరోజు రాత్రి వంటింట్లో నీళ్లు తాగుతూ "నేను లేకపోతే మీకందరికీ హాయి కదక్కా" అన్నాడు. మామూలుగా అన్నాడు, కరెంట్ బిల్లు కట్టావా అన్నంత మామూలుగా. నా గుండె జారిపోయింది. నేను వాడిని ఒంటరిగా వదల్లేదు, పక్కనే కూర్చుని 14416కి ఫోన్ చేశాను. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టింది, ఏ వేళ అయినా చెయ్యొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. అవతల ఆవిడ వాడితో సూటిగా అడిగారు, చనిపోవాలని ఆలోచన వస్తోందా అని, వాడు సూటిగానే చెప్పాడు. ఆ మాట ఎనిమిది నెలల్లో ఎవరూ అడగలేదు. పొద్దున్నే చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఓపీకి తీసుకెళ్లాం. డాక్టర్ గారు డిప్రెషన్ అని చెప్పి మందులు మొదలుపెట్టారు, వాటితోపాటు క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గర వారం వారం సెషన్లు.

చినవాల్తేరు అన్న మాట మన ఊర్లో ఎలా వాడతారో మీకు తెలుసు. చిన్నప్పటి నుంచి తిట్టులా విన్నాం. అక్కడే ఉంది అసలు చిక్కు. కోచ్ దగ్గరికి వెళ్తున్నాడు అని చుట్టాలకి చెప్తే గౌరవంగా ఉంటుంది, ఏదో ఎదగడానికి వెళ్తున్నట్టు ఉంటుంది, సైకియాట్రిస్ట్ అంటే సంబంధాలు తప్పిపోతాయని భయం. నేనూ ఆ భయంతోనే కోచ్ అన్నానేమో, ఇప్పుడు ఆలోచిస్తే అనిపిస్తుంది. ఈ సిగ్గు మీద బతికే వ్యాపారం ఒకటి మన ఊర్లో పెరుగుతోంది, దాని గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

ఆ తర్వాత నేను చాలా చదివాను, మా కోచ్ గారిని కూడా అడిగాను. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ చదివి పైన మానసిక వైద్యంలో పీజీ చేసినవాళ్లు, మందులు రాసేది వాళ్లే. క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టర్‌లో పేరుండాలి, 1992 చట్టం అది, నంబర్ అడిగి చూసుకోవచ్చు. ఈ ఇద్దరూ జబ్బుని గుర్తుపట్టి నయం చేసేవాళ్లు, అవసరమైతే వెనక్కి వెళ్లి అసలు ఎక్కడ మొదలైందో చూస్తారు. కోచ్‌కి మాత్రం మన దేశంలో లైసెన్స్ ఇచ్చే చట్టమేదీ లేదు. నేను రేపు పొద్దున బోర్డు పెట్టుకున్నా ఎవరూ అడగరు. ఉన్నదల్లా వాళ్లకు వాళ్లు పెట్టుకున్న ప్రమాణాలు. ఐసీఎఫ్ వాళ్లు మూడు మెట్లు పెట్టారు, మొదటి మెట్టుకి 60 గంటల శిక్షణ, 100 గంటలు మనుషులతో కోచింగ్ చేసిన అనుభవం, రెండోదానికి 125, 500, పైదానికి 200, 2500 గంటలు. వాళ్ల నియమావళి తప్పితే సమాఖ్యకి ఫిర్యాదు చెయ్యొచ్చు. సర్టిఫికెట్ ఉన్నంతమాత్రాన మంచి కోచ్ అని నేననను, లేనివాళ్లలోనూ మంచివాళ్లు ఉండొచ్చు, కానీ అడిగితే కోపం తెచ్చుకునేవాళ్ల దగ్గర మాత్రం చేరొద్దు. గుట్టు సంగతి కూడా అంతే, మానసిక వైద్యం తీసుకునేవాళ్ల వివరాలు గుప్తంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే హక్కుగా రాశారు, కోచ్ దగ్గర అయితే మనం సంతకం పెట్టిన ఒప్పందం, వాళ్ల సంఘం నియమావళి, అంతవరకే. మా తమ్ముడికి ఒప్పంద కాగితమే లేదు, ఒక క్యూఆర్ కోడ్ పంపారు, వీడు డబ్బు కొట్టాడు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి కంప్లైంట్ ఇచ్చాం, ఇంకా నడుస్తోంది.

దయచేసి కోచ్‌లందరూ మోసగాళ్లు అని రాశానని అనుకోవద్దు. నా జీవితంలో ఒక ఆరు నెలలు బాగుపడ్డాయంటే కోచ్ వల్లే. కాళ్ల మీద నిలబడి ఉన్న మనిషికి ఏ దిక్కుకి నడవాలో తేల్చుకోవడానికి కోచ్ పనికొస్తారు. కాలు విరిగినవాడిని నడిపించబోతే విరిగింది ఇంకా విరుగుతుంది. ఈ తేడా తెలిసిన కోచ్ తనే ఆపి చెప్తారు, ఇది నా పని కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లండి అని. ఆ ఒక్కటి చెప్పలేనివాళ్ల దగ్గరే ప్రమాదం.

పిల్లల విషయంలో ఇది ఇంకా ముఖ్యమండి. 2025 జులైలో సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది, ఆ కేసు మన వైజాగ్‌లో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి తండ్రి వేసింది. వంద మంది, అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ శిక్షణ ఉన్న కౌన్సెలర్ గానీ సైకాలజిస్ట్ గానీ సోషల్ వర్కర్ గానీ ఉండాలని, కోచింగ్ సెంటర్లు కూడా అందులోకే వస్తాయని చెప్పింది. ఎక్కడో ఢిల్లీ సంగతి కాదు ఇది, మన ఊర్లోనే జరిగిన కథ. అలాంటిది కొన్నిచోట్ల ఆదివారం మోటివేషన్ స్పీకర్‌ని పిలిచి మైక్ ఇచ్చి రెండు గంటలు అరిపించి, మా దగ్గర కౌన్సెలింగ్ ఉంది అని చెప్పుకుంటున్నారని తల్లిదండ్రులు అంటుంటే వింటున్నాను. స్పీచ్ వేరు, కౌన్సెలింగ్ వేరు, మైండ్‌సెట్ కోచింగ్ వేరు. మీ పిల్లని చేర్పించే ముందు ఫ్యాకల్టీ ఎవరు, ర్యాంకులు ఎన్ని అని అడిగినట్టే, కౌన్సెలర్ ఎవరు, ఏం చదివారు, ఏ రోజు ఏ గదిలో కూర్చుంటారు అని కూడా అడగండి.

మీ పేపర్‌కి నాదొక విన్నపం. వార్త రాసేటప్పుడు ఈ మాటలన్నీ ఒకే గంపలో వెయ్యకండి. కౌన్సెలర్‌ని కోచ్ అని, కోచ్‌ని నిపుణుడు అని, స్పీకర్‌ని సైకాలజిస్ట్ అని రాస్తుంటే చదివేవాళ్లు అదే నమ్ముతారు, మా ఇంట్లో మేం నమ్మినట్టు. సలహాల శీర్షికలో ఎవరైనా రాస్తే ఆయన అర్హత ఏంటో పేరు కింద ఒక లైను వెయ్యండి. డిప్రెషన్ నుంచి విముక్తి గ్యారంటీ, 21 రోజుల్లో ఆందోళన మాయం అని కోచ్ పేరుతో ప్రకటన వస్తే తీసుకోకండి, జబ్బు నయం చేస్తానని కోచ్ అనకూడదు, గ్యారంటీ అసలు ఎవరూ ఇవ్వలేరు. ఆ పేజీలో ఒక మూల 14416 అని వేస్తే ఇంకా సంతోషం.

మా తమ్ముడు ఇప్పుడు బాగున్నాడు. మందులు నడుస్తున్నాయి, డాక్టర్ గారు తగ్గిస్తున్నారు. సాయంత్రాలు మళ్లీ బీచ్‌కి వెళ్తున్నాడు. ఐటీలోనే ఉండాలా, వేరే వైపు వెళ్లాలా అని తేలక, నెల కిందట వాడే నాతో "అక్కా, నాకిప్పుడు ఒక కోచ్ కావాలేమో" అన్నాడు. నాకు వద్దు అనాలనిపించింది, నోరు నొక్కుకున్నాను. ముందు డాక్టర్ గారిని, సైకాలజిస్ట్ గారిని అడిగాడు, ఇద్దరూ సరే అన్నారు, సైకాలజిస్ట్ సెషన్లు మాత్రం ఆపొద్దన్నారు. తర్వాత పాత నోట్‌బుక్ తెచ్చి, "అమ్మ" అని ఆగిపోయిన పేజీ వెనక్కి తిప్పి, ఖాళీ పేజీలో ప్రశ్నలు రాసుకుని ఇద్దరికి ఫోన్ చేశాడు. నేను పక్క గదిలోంచి వింటున్నాను. నాకు డిప్రెషన్ వచ్చింది, మందులు వాడుతున్నాను, మీరేమంటారు అని అడిగాడు. మొదటాయన "అవన్నీ మానిపించేద్దాం తమ్ముడూ, మందులతో మైండ్ డల్ అయిపోతుంది" అన్నాడు, వీడు థాంక్స్ అండి అని పెట్టేశాడు. రెండో ఆవిడ "మీ డాక్టర్ గారికి ఈ సంగతి చెప్పారా? మధ్యలో మీకు బాగోకపోతే మనం ఆపుదాం, అప్పుడు ఎవరికి ఫోన్ చెయ్యాలో ఇప్పుడే రాసుకుందాం" అన్నారు. ఆ నంబర్ల కింద నా నంబర్ కూడా రాశాడు. వచ్చే సోమవారం సాయంత్రం ఆరింటికి వాడి మొదటి సెషన్.

పేరు వెయ్యొద్దండి, తమ్ముడి విషయం ఉంది కాబట్టి. ఇది రాస్తున్నట్టు వాడికి చెప్పాను, వాడు చదివాకే పంపుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
సీతమ్మధార, విశాఖపట్నం.